అద్దె ఇంట్లో అనుకోని నష్టం జరిగితే అడ్వాన్సులో ఎంత పోతుంది?

కొళాయి తిప్పారు, నీళ్లు రాలేదు. తిప్పింది తిప్పినట్టే వదిలేసి ఊరికి బయలుదేరారు. అర్ధరాత్రి నీళ్లు వచ్చాయి. తెల్లారేసరికి హాలంతా చెరువు. కప్‌బోర్డు అడుగు చెక్క ఉబ్బిపోయింది, కింది వాటా వాళ్ల సీలింగ్ మీద పెద్ద మచ్చ పడింది. బెంగళూరులోనో, చెన్నైలోనో, షోలాపూర్‌లోనో, బరంపురంలోనో అద్దెకుంటున్న మన కుటుంబాలకు ఇలాంటిది కొత్తేమీ కాదు. ఒకరింట్లో దేవుడి గూట్లో దీపం నుంచి కర్టెన్‌కు మంట అంటుకుంటుంది. ఇంకొకరు టీవీ బిగించడానికి గోడకు డ్రిల్లు పెడితే లోపలి నీళ్ల పైపు పగులుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఓనరు మాత్రం ఒకటే మాట అంటాడు: “మీ అడ్వాన్సు సంగతి మరిచిపోండి.”

సొంతింటికే ఇన్సూరెన్స్ చేయించని మనం అద్దె ఇంటికి చేయిస్తామా? కాబట్టి ఖర్చు పడితే ఓనరు జేబు మీద పడాలి, లేదా మన జేబు మీద పడాలి. ఇక్కడ రెండు అపోహలున్నాయి. “కావాలని చేయలేదు కదా, మాకేం సంబంధం” అని అద్దెకున్నవాళ్లు అనుకుంటారు. “మీ చేతిలో ఉండగా పాడైంది, మొత్తం కొత్తది వేయించాలి” అని ఓనర్లు అనుకుంటారు. రెండూ తప్పే. అజాగ్రత్త వల్ల జరిగిన నష్టానికి మనదే బాధ్యత. అయితే ఆ బాధ్యతకు ఒక లెక్క ఉంది, ఆ లెక్కను రుజువు చేయాల్సిన భారం ఓనరు మీద ఉంది.

1882 చట్టం ఏమంటోంది

అద్దెకు సంబంధించి మూల చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ఓనరు బాధ్యతలనూ అద్దెదారు బాధ్యతలనూ ఒక్కొక్కటిగా చెబుతుంది. మనకు కావలసిన మాట ‘ఎం’ క్లాజులో ఉంది. ఇంట్లో దిగిన రోజు ఇల్లు ఏ స్థితిలో ఉందో ఖాళీ చేసే రోజు అదే స్థితిలో అప్పగించాలి. దీనికి రెండే మినహాయింపులు: మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని శక్తి.

అరుగుదల అంటే తెలిసిందే. గోడ రంగు వెలిసిపోవడం, తలుపు గొళ్లెం వదులవడం, నేల మెరుపు తగ్గడం, సింకు దగ్గర మరకలు పడడం. వీటికి పైసా కట్టనక్కర్లేదు. ఆపలేని శక్తికి ఉదాహరణలు మన ప్రాంతాల్లోనే ఉన్నాయి. 2013 అక్టోబర్‌లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను, 2015 డిసెంబర్ చెన్నై వరదలు, యానాం వీధుల్లోకి వచ్చే గోదావరి నీళ్లు ఆ కోవలోకే వస్తాయి. వరదకు తలుపులు ఉబ్బితే ఆ బిల్లు అద్దెకున్నవాళ్లది కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అగ్ని, తుఫాను, వరద వంటి వాటివల్ల ఇంట్లో ముఖ్య భాగం పూర్తిగా పాడైతే, లేదా ఇల్లు ఇక ఉండడానికి పనికిరాకపోతే, అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంది. అదే సెక్షన్‌లోని ‘ఇ’ క్లాజు ఆ హక్కు ఇస్తుంది. రద్దు మాత్రం దానంతట అదే జరగదు. మనం ఆ మాట ఓనరుకు రాసి చెప్పాలి, చెప్పకపోతే అద్దె నడుస్తూనే ఉంటుంది. మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు, కట్టడం కూలినంత మాత్రాన అద్దె హక్కు పోదని కూడా తేల్చింది. ఇంకో మెలిక ఉంది. ఆ నష్టం మన తప్పు వల్లే జరిగితే ఈ క్లాజు మనకు ఉపయోగపడదు. మన దీపం వల్లే ఇల్లు కాలితే, ఇల్లు కాలింది కాబట్టి ఒప్పందం రద్దు అనే వీల్లేదు.

మన చేతివల్ల, మన ఇంట్లో పనిచేసేవాళ్ల చేతివల్ల, మన తరఫున వచ్చినవాళ్ల చేతివల్ల లోపం వస్తే బాగుచేయించాల్సింది మనమే. ఓనరు నోటీసు ఇచ్చాక అందుకు మూడు నెలల గడువుంది. ఈ గడువు గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఉంటూండగానే నష్టం జరిగితే మనకు తెలిసిన వడ్రంగితో, మనకు తెలిసిన ప్లంబరుతో, మనం మాట్లాడుకున్న రేటుకు పని చేయించే అవకాశం అది. చాలామంది ఆ అవకాశం వదిలేసి, ఖాళీ చేసే రోజు ఓనరు చెప్పిన రేటుకు తలొంచుతారు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది మన తప్పూ కాని, ప్రకృతి తప్పూ కాని నష్టం. గోడలోని పాత పైపు ఓ రోజు దానంతట అదే పగిలింది. మనం చేసిందేమీ లేదు. క్లాజు మాటల్ని పట్టుకుని ‘అరుగుదల కాదు, వరదా కాదు, కాబట్టి మీరే కట్టండి’ అనే ఓనర్లు ఉంటారు. మా అభిప్రాయంలో అది నిలిచే వాదన కాదు. వయసు మీరిన పైపు పగలడమంటే అరుగుదలే. ఆ పైపును మార్చాల్సిన పని ఎవరిదో చూస్తే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది. ఈ విభజనను తమిళనాడు కొత్త చట్టం, కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం జాబితాలుగా రాసి పెట్టాయి. కట్టడం మరమ్మతులు, సున్నాలు, రంగులు, నీళ్ల పైపులు మార్చడం, ఇంటి కరెంటు వైరింగు ఓనరు వైపున్నాయి. కొళాయిలు, వాషర్లు, స్విచ్చులు, గీజరు మరమ్మతు, తలుపు గొళ్లేలు, తాళాలు, కిటికీ అద్దాలు, కాలువల శుభ్రం అద్దెదారు వైపున్నాయి. పాత వైరింగులో షార్ట్ సర్క్యూట్ అయి మంట లేస్తే ముందు అడగాల్సింది వైరింగు సంగతే. వదులైన స్విచ్చు బోర్డును ఆరు నెలలుగా బాగుచేయించకుండా వాడుతున్నామా అన్నది తర్వాతి ప్రశ్న, అది మన వైపు ప్రశ్న.

రాష్ట్రాన్ని బట్టి తేడా

108వ సెక్షన్ ‘ఒప్పందంలో గాని స్థానిక ఆచారంలో గాని వేరుగా లేకపోతే’ అనే మాటతో మొదలవుతుంది. అంటే అగ్రిమెంట్‌లో వేరుగా రాసుంటే ఆ రాతదే పైచేయి. రాష్ట్ర చట్టాలు దాన్ని మరికొంత మారుస్తాయి.

తమిళనాడులో 2019 ఫిబ్రవరి 22 నుంచి కొత్త అద్దె చట్టం అమల్లో ఉంది. వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్సు మూడు నెలల అద్దెను మించకూడదు. ఇల్లు ఖాళీ చేసిన నెలలోపు, న్యాయంగా పట్టుకోవాల్సింది పట్టుకుని మిగతాది తిరిగివ్వాలి. పేచీ వస్తే సివిల్ కోర్టు చుట్టూ తిరిగే బదులు అద్దె అధికారి దగ్గరికి, అద్దె కోర్టుకు వెళ్లవచ్చు.

కర్ణాటకకు 1999 నాటి అద్దె చట్టం ఉన్నా, బెంగళూరు వంటి పెద్ద ఊళ్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. ఈ రోజుల్లో ఆ అద్దెకు ఇల్లెక్కడ దొరుకుతుంది! కాబట్టి బెంగళూరు, బళ్లారి, కోలారు వైపు మనవాళ్ల ఇళ్లకు అగ్రిమెంటూ 1882 చట్టమే దిక్కు. పైగా బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా పుచ్చుకునే అలవాటు పాతుకుపోయింది. భోగ్యానికి తీసుకున్నవాళ్లయితే లక్షలే ఓనరు చేతిలో పెడతారు. డబ్బు అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు బేరం అవతలివాడిదే. అందుకే ఈ లెక్క తెలుసుకోవడం అక్కడ మరింత అవసరం.

మహారాష్ట్రలో ఎక్కువ ఇళ్లు ‘లీవ్ అండ్ లైసెన్స్’ పద్ధతిలో 11 నెలలకు ఇస్తారు. అది కౌలు కాదు, వాడుకునేందుకు ఇచ్చిన అనుమతి మాత్రమే. కాబట్టి 108వ సెక్షన్ నేరుగా రాదు, రిజిస్టర్ చేసిన కాగితంలో ఏముందో అదే చట్టం. పాత పద్ధతి అద్దెల్లో మాత్రం 108లోని ‘ఒ’ క్లాజును మీరితే, అంటే ఇంటిని పాడుచేసే పని చేసినా ఇచ్చిన అవసరానికి కాక వేరేదానికి వాడినా, ఖాళీ చేయించవచ్చని 1999 మహారాష్ట్ర చట్టం చెబుతోంది. షోలాపూర్, భివండీలలోని మన పద్మశాలి కుటుంబాలు దీన్ని పట్టించుకోవాలి. కాపురానికని తీసుకున్న ఇంట్లో మరమగ్గం పెడితే, ఆ అదురుకు గోడ బీటలిస్తే, అది అనుకోని నష్టమన్న వాదన నిలవడం కష్టం. మగ్గం పెట్టే ఉద్దేశం ఉంటే ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి.

ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం వైపు ఇళ్లకు పైన చెప్పిన మూల సూత్రాలు చాలు. యానాంకు పుదుచ్చేరి 1969 అద్దె నియంత్రణ చట్టం కూడా ఉంది.

లెక్క ఎలా వేయాలి

మొదట చెప్పిన కొళాయి సంగతే తీసుకుందాం. ఉదాహరణకు అద్దె 18,000, అడ్వాన్సు 1,80,000 అనుకుందాం. ఓనరు రాసిచ్చిన చీటీ ఇలా ఉంది: కొత్త కప్‌బోర్డులు 85,000, ఇల్లంతా పెయింటింగ్ 40,000, కింది వాటా సీలింగ్ 15,000, ఒక నెల అద్దె నష్టం 18,000. మొత్తం 1,58,000. చేతికి వచ్చేది 22,000.

ఇప్పుడు ఒక్కో పద్దూ చూద్దాం. కప్‌బోర్డు ఎనిమిదేళ్ల నాటిది, ఉబ్బింది అడుగు చెక్కలు మాత్రమే. వడ్రంగి వచ్చి చూసి 14,000కు మార్చేస్తానంటే మన బాధ్యత 14,000. నిజంగా మొత్తం మార్చక తప్పదనుకున్నా, ఎనిమిదేళ్లు వాడిన సామాను విలువ కట్టాలే గాని కొత్తదాని ధర కాదు. పదిహేనేళ్లు వచ్చే సామాను అనుకుంటే మిగిలిన ఏడేళ్ల వంతు, అంటే 40,000కు కాస్త తక్కువ. ఈ వంతులకు చట్టంలో పట్టిక ఏదీ లేదు. నష్టపరిహారం అంటే పోయినదాన్ని పూడ్చడమే, పాతది పోగొట్టుకున్నవాడికి కొత్తది సంపాదించిపెట్టడం కాదు అన్న సూత్రం మాత్రం ఉంది.

పెయింటింగ్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా మోసపోతారు. బెంగళూరు అగ్రిమెంట్లలో ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటాం’ అనే షరతు మామూలుగా ఉంటుంది. ఆ షరతు ప్రకారం 18,000 ఎలాగూ పోతుంది. తడిసిన గోడ రంగు కూడా అందులోనిదే. పెయింటింగ్ పేరుతో ఒకసారి షరతు కింద, ఇంకోసారి నష్టం కింద కోయడానికి కుదరదు. కింది వాటా సీలింగ్ పని నిజంగా జరిగి బిల్లు చూపిస్తే 15,000 న్యాయమే. అద్దె నష్టం అంటే, ఈ మరమ్మతు వల్ల ఇల్లు నిజంగా ఎన్ని రోజులు ఖాళీగా ఉందో అన్ని రోజులకే. పది రోజులైతే 6,000. మరుసటి వారమే కొత్తవాళ్లు దిగితే ఆ మేరకు తగ్గాలి.

అన్నీ కలిపితే 53,000. తిరిగి రావాల్సింది 22,000 కాదు, 1,27,000. పిల్లల ఫీజుకో, తర్వాతి ఇంటి అడ్వాన్సుకో ఎదురుచూస్తున్న ఇంటికి లక్షా ఐదు వేల తేడా చిన్నదేమీ కాదు.

ఈ లెక్కకు ఆధారం 1872 కాంట్రాక్టు చట్టం 73, 74 సెక్షన్లు. నష్టం నుంచి సహజంగా వచ్చినదానికే పరిహారం, దూరపు లెక్కలకు కాదు. నష్టం పెరగకుండా ఆపే వీలుండీ ఆపకపోతే అది కూడా లెక్కలోకి వస్తుంది. అగ్రిమెంట్‌లో ‘ఏ నష్టం జరిగినా అడ్వాన్సు మొత్తం జప్తు’ అని రాసున్నా కోర్టు ఇచ్చేది న్యాయమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. మౌలా బక్ష్ కేసులో సుప్రీంకోర్టు 1969లో తేల్చింది ఇదే. ఆయన సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేయడానికి 10,000, 8,500 రూపాయల డిపాజిట్లు కట్టాడు. సరఫరా సరిగా చేయలేదని ప్రభుత్వం వాటిని జప్తు చేసుకుంది. నష్టం రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాల్సిందే, ఊరికే డిపాజిట్ మింగడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. గుడ్లు, చేపల కేసు మన ఇంటి అడ్వాన్సుకు కూడా పనికొస్తుందన్న మాట.

మనం చేయాల్సిందీ ఉంది. నష్టం జరిగిన రోజే ఓనరుకు చెప్పాలి. నీళ్లు తుడిచేసి, కార్పెట్ కప్పేసి, ఖాళీ చేసే రోజుదాకా దాచిపెడితే చెక్క కుళ్లుతుంది, చెమ్మ పక్క గదికి పాకుతుంది. అప్పుడు 14,000 పని 40,000 అవుతుంది, ఆ పెరిగిన భాగం పూర్తిగా మనదే. నమూనా చట్టం కూడా నష్టం జరిగిన వెంటనే ఓనరుకు తెలియజేయాలనే చెబుతోంది.

కాగితం ఏ భాషలో ఉంది?

తరాలుగా ఇక్కడే ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్లు కన్నడమో తమిళమో మరాఠీయో ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. అగ్రిమెంట్ వచ్చేసరికి బ్రోకరు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేస్తారు. ఆ భాషలో బడికి వెళ్లిన పిల్లలు ఇంట్లోనే ఉంటారు కదా. వాళ్లచేత గట్టిగా చదివించుకుని వినండి. ముఖ్యంగా వెతకాల్సిన మాట ‘అరుగుదల మినహా’ అన్నది. కన్నడంలో అది సవకళి, తమిళంలో తేయ్‌మానం, మరాఠీలో ఝీజ్. ఆ మాట లేకుండా ‘యథాస్థితిలో అప్పగించాలి’ అని మాత్రమే ఉంటే చేర్పించమని అడగండి. మరాఠీలో ‘నుక్సాన్ భర్‌పాయీ’, ఒడియాలో ‘క్షతిపూరణ’ అన్న మాటలు కనబడిన వాక్యం దగ్గర ఆగి, ఎంత, ఎవరు నిర్ణయిస్తారు అని చూడాలి. ‘ఓనరు నిర్ణయించినంత’ అని ఉంటే ‘బిల్లుల ప్రకారం’ అని మార్పించుకోవడం మంచిది.

రెండో కాగితం మనమే తయారు చేసుకోవాల్సింది. దిగిన రోజే ప్రతి గదికీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఏ కప్‌బోర్డు అప్పటికే ఉబ్బి ఉంది, ఏ గోడకు చెమ్మ ఉంది, గ్రానైట్ ఎక్కడ పగిలింది అని రెండు వాక్యాలు రాయండి. ‘సరే’ అని ఒక జవాబు వస్తే చాలు. ఖాళీ చేసే రోజు కూడా అంతే. ‘ముందునుంచీ అలాగే ఉంది’ అని నోటితో వాదించడం కన్నా తేదీ ఉన్న ఒక ఫొటో చాలా బలమైనది.

కింది వాటావాళ్లు, పోలీసులు

కింది ఇంటివాళ్లకు మనతో ఏ అగ్రిమెంటూ లేదు. అయినా మన అజాగ్రత్తవల్ల వాళ్లకు నష్టం జరిగితే వాళ్లు నేరుగా మనల్నే అడగవచ్చు. వాళ్లకు నేరుగా కట్టేస్తే రసీదు రాయించుకోండి, లేకపోతే ఓనరు అదే మొత్తాన్ని అడ్వాన్సులో మళ్లీ కోసే ప్రమాదం ఉంది. కారణం మన కొళాయి కాక బిల్డింగ్ పైపు అయితే ఆ సంగతి ప్లంబరుతో రాయించి పెట్టుకోవాలి.

పోలీసు కేసు పెడతామని బెదిరించడం మామూలే. ఆస్తి పాడుచేసిన నేరం నిలవాలంటే నష్టం చేయాలన్న ఉద్దేశమో, నష్టం జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. మరిచిపోయిన కొళాయి నేరం కాదు. అయితే నిప్పు విషయంలో చట్టం కఠినంగా ఉంటుంది. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేంత నిర్లక్ష్యంగా నిప్పును వాడితే అది నేరమే.

ఇన్సూరెన్స్ లేదనుకున్నా ఒకటుంది

వంటగ్యాస్ కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ, మనం ప్రీమియం కట్టకుండానే, చమురు కంపెనీలు తీసుకున్న బీమా ఉంటుంది. గ్యాసే మూలకారణమైన అగ్నిప్రమాదంలో మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షలు, వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల దాకా, ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల దాకా, ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి 2 లక్షల దాకా వస్తుంది. అద్దె ఇళ్లలో ఇది పనికిరాకుండా పోవడానికి కారణం చిరునామా. ఆస్తి నష్టం కవరు కనెక్షన్ రిజిస్టరైన ఇంటికే వర్తిస్తుంది. మూడు ఇళ్లు మారినా గ్యాస్ పుస్తకంలో పాత చిరునామానే ఉండడం మన ఇళ్లలో మామూలు. ఇల్లు మారిన వారంలోనే ఏజెన్సీకి వెళ్లి మార్పించండి. ప్రమాదం జరిగితే ఆలస్యం చేయకుండా ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయాలి, అక్కడినుంచి కంపెనీకి, బీమా సంస్థకు సమాచారం వెళ్తుంది.

కొనుక్కునే బీమా విషయానికొస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే రకమైన పాలసీ అమ్ముతున్నాయి. అగ్ని, తుఫాను, వరద, నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం అందులో ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు భవనం వదిలేసి ఇంట్లోని సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. కాని ఇది మన ఫ్రిజ్జుకు, మంచాలకు డబ్బిస్తుంది గాని మనం ఓనరుకు బాకీపడిన దానికి ఇవ్వదు. ఆ బాధ్యతకు కూడా కవరు కావాలంటే గృహస్థుల ప్యాకేజీ పాలసీల్లో అలాంటి భాగం ఉందా, అద్దె భవనానికి వర్తిస్తుందా అని ఏజెంటును విడిగా అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. ఓనరుకు భవనం పాలసీ ఉంటే కూడా పూర్తిగా ఊపిరి పీల్చుకోకండి. ఓనరుకు డబ్బిచ్చిన బీమా సంస్థ, తప్పు మనదైతే ఓనరు స్థానంలో నిలబడి మన దగ్గర వసూలుకు రావచ్చు. అయితే ఒకే నష్టానికి బీమా డబ్బూ మన అడ్వాన్సూ రెండూ ఓనరు తీసుకోవడం కుదరదు. ‘మీకు పాలసీ ఉందా, క్లెయిమ్ పెట్టారా’ అని అడగడంలో తప్పులేదు.

మాట కుదరకపోతే

ముందు ఓనరును బిల్లులతో సహా పద్దుల చీటీ రాతలో ఇమ్మని అడగండి. మన లెక్క మనం రాసి, ఒప్పుకుంటున్నదెంతో, తిరిగి రావాల్సిందెంతో స్పష్టంగా చెప్పి తేదీతో పంపండి. తమిళనాడులో అయితే అద్దె అధికారి ఉన్నారు. మిగతా చోట్ల జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కోర్టుకు వెళ్లకముందే రాజీకి పిలిపించమని అర్జీ పెట్టుకోవచ్చు, లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా లాయరును కూడా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. దావా వేయాల్సి వస్తే గడువు మామూలుగా మూడేళ్లు. అడ్వాన్సు తిరిగివ్వాల్సిన రోజు నుంచి ఆ గడువు లెక్కపెట్టుకోండి.